క్రాసింగ్ రోజులు

అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, నడుమ నడిగడ్డ. గద్వాల దాటి వచ్చి, ఆగస్టు పొద్దున సీడు పత్తి చేను గట్టు మీద నిలబడ్డారు మీరు. మాటలు వినపడుతున్నాయి గానీ మనుషులు కనపడరు. కాస్త వంగి చూడండి. మొక్కల ఎత్తున్న ఆడపిల్లలు.

సాలు వెంట నడవండి. పదకొండేళ్ల పిల్ల ఒడిలో మగ పూలు. నిన్న సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్ని బొటనవేలి గోటితో గిల్లి, రేకులూ పుప్పొడి తిత్తులూ ఒలిచేసింది. ఇప్పుడు ఒక్కో మగ పువ్వును నాలుగైదు మొగ్గలకు అద్దుకుంటూ పోతోంది. క్రాసింగ్ అంటే ఇదే. గోరు చుట్టూ చర్మం ఒరుసుకుపోయింది. హైబ్రిడ్ పత్తి విత్తనం ఇలాగే పుడుతుంది, పువ్వు పువ్వుకూ చేత్తో. పొద్దు తప్పితే పువ్వు దక్కదు. అందుకే క్రాసింగ్ ఉన్నన్నాళ్లూ బడి ఉండదు.

"బడికి పోలేదా?"

"క్రాసింగ్ అయినంక పోతా."

"మరి మీ అన్న?"

"అన్న పోయిండు."

ఆడపిల్లల వేళ్లు సున్నితం, మొగ్గ చెడదు అంటాడు రైతు. నమ్మకండి. పెద్దవాళ్లూ ఈ పని చేయగలరు. పిల్లల కూలి తక్కువ, ఎదురు చెప్పరు, అడ్వాన్సు ముందే తండ్రి చేతిలో పడింది. విత్తన కంపెనీ ఇచ్చే ధరలో మధ్యవర్తి ఆర్గనైజరు వాటా పోను మిగిలిందే రైతుది, అందులోంచే కూలి. పైన బిగించిన ధర కింద ఈ పిల్ల బడి రోజుల్ని తింటోంది.

గట్టు మీదికి టీచరమ్మ వచ్చింది, వెంట మహిళా సంఘం అక్కలు. "రేపు పెండ్లయి పోయే పిల్లకు సదువెందుకు?" అన్నాడు తండ్రి. "మా అయ్య గిట్లనే అన్నడు. ఇయ్యాల సంఘం పద్దు రాయనీకి పక్కింటి పిలగాన్ని బతిమాలుకుంటున్న" అంది ఒక అక్క. ఆయన తల దించుకున్నాడు. ఆ మాట చేసిన పని ఏ చట్టమూ చేయలేదు.

చట్టం లేక కాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మధ్యలో మానేసినా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. ఇంట్లో కుదరకపోతే కస్తూర్బా విద్యాలయంలో హాస్టలు ఉంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని నమ్మి శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగారు. పనిలోంచి తెచ్చిన పిల్లల్ని శిబిరాల్లో చదివించి బడిలో కూర్చోబెట్టారు.

క్రాసింగ్ రోజుల్లో మీ ఊరి బడికి వెళ్లి హాజరు పట్టీ అడగండి. ఆడపిల్లల పేర్ల ఎదుట వరుసగా ఆబ్సెంట్ ఉంటే ముందు ఆ ఇంటికి వెళ్లండి. మాట సాగకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.