సైకిలు బూటుకు క్లీటు అమరిక

సైకిలు పందెములందును, దూర ప్రయాణములందును వాడు ప్రత్యేక బూట్ల అడుగున మరలతో బిగించు చిన్న బిళ్ళను క్లీటు అందురు. ఇది పెడలులో ఇరుక్కొని పాదమును దానితో కలిపి ఉంచును. మడమను బయటికి త్రిప్పిన విడివడును.

చరిత్ర

స్కీ పలకలకు బూట్లను బంధించు పద్ధతి ననుసరించి ఫ్రాన్సుకు చెందిన లుక్ సంస్థ 1984లో ఇట్టి పెడలును తెచ్చినది. 1985లో బెర్నార్డ్ ఇనో ఈ పెడళ్ళతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచెను. జపానుకు చెందిన షిమానో సంస్థ 1990లో రెండు మరల ఎస్.పి.డి. క్లీటును ప్రవేశపెట్టినది. ఇది బూటు అడుగులోని పల్లములో ఇమిడియుండును గనుక నడచుటకు అనుకూలము. రోడ్డు సైకిళ్ళకు మూడు మరల క్లీట్లే ఎక్కువ వాడుకలో ఉన్నవి.

ప్రాముఖ్యము

చింతలపూడి, ఏలూరు ప్రాంతములలో చెప్పులతో మామూలు సైకిలు త్రొక్కువారు ఒకమారు వ్రేళ్ళ మొదళ్ళతో, ఒకమారు పాదము నడిమితో త్రొక్కుచు, తమకు తెలియకయే పాదమును సర్దుకొనుచుందురు. క్లీటు బిగించిన బూటులో ఆ వీలు మిక్కిలి తక్కువ. నిమిషమునకు 80 చుట్ల చొప్పున 10 గంటలు త్రొక్కిన ఒక్కొక్క కాలు 48,000 మార్లు తిరుగును. 200 కి.మీ. బ్రెవే ప్రయాణమునకు గడువు పదమూడున్నర గంటలు. క్లీటు కొద్దిగా వంకరగా ఉన్నను ఆ భారమంతయు మోకాలిపై పడును. వాలు దారిలో కాళ్ళకు కొంత విశ్రాంతి దొరకును గాని, కొల్లేటి చుట్టునున్న చదునైన దారులలో అదియు లేదు.

ముందు వెనుకలు

బొటనవ్రేలి మొదటి కీలు సరిగా పెడలు ఇరుసుపై ఉండవలెననుట పాత పద్ధతి. ఇరుసు ఆ కీలునకును, చిటికెనవ్రేలి మొదటి కీలునకును నడుమ ఉండుట మేలని ఇప్పుడు పలువురు చెప్పుదురు. క్లీటును మడమ వైపు జరిపినకొలది పిక్కపైన, మడమ వెనుకనున్న స్నాయువుపైన ఒత్తిడి తగ్గును. దూర ప్రయాణికులకు ఇదియే హితము. అట్లు జరిపిన శక్తి వృథా యగునను భయమునకు ఆధారము తక్కువ. 2007లో వాన్ సికిల్, హల్ ప్రచురించిన పరిశోధనలో, క్లీటును పాదము నడిమి వరకు జరిపినను పోటీదారుల ప్రాణవాయువు వినియోగములో చెప్పుకోదగిన తేడా కానరాలేదు. ఐతే గమ్యము వద్ద ఒక్కమారుగా వేగము పెంచు పందెగాళ్ళు క్లీటు కొంత ముందుండుటనే కోరుదురు. వెనుకకు జరిపినప్పుడు సీటును కొద్దిగా దించవలెను.

ప్రక్కలు, కోణము

క్లీటును ఎటు జరిపిన పాదము అందుకు వ్యతిరేక దిశకు పోవును. క్రొత్తవారు తికమకపడునది ఇక్కడనే. క్లీటును బొటనవ్రేలి వైపు జరిపిన పాదము సైకిలుకు దూరమగును. క్లీటు ముక్కును బొటనవ్రేలి వైపు త్రిప్పిన మడమ లోనికి వచ్చును. ఎత్తైన బల్లపై కూర్చుండి కాళ్ళు వ్రేలాడవేసిన పాదముల సహజ కోణము తెలియును. దానినే అనుసరించవలెను, బలవంతముగా నిటారు చేయరాదు. షిమానో మూడు మరల క్లీట్లలో పసుపు రంగువి 6 డిగ్రీలు, నీలివి 2 డిగ్రీలు పాదమును కదలనిచ్చును. ఎరుపువి కదలనీయవు. మొదట పసుపువి వాడుట క్షేమము.

బిగింపు

మరలకు గ్రీజు రాసి, సాధారణముగా 5 నుండి 6 న్యూటన్ మీటర్ల బలముతో బిగింతురు. అమరిక మార్చునప్పుడు ఒకేసారి రెండు మూడు మిల్లీమీటర్లకు మించి జరుపరాదు. ప్లాస్టిక్ క్లీట్లు నడకతో అరిగిపోవును గనుక, పాతవి విప్పుటకు ముందే వాటి చుట్టును బూటుపై గీత గీసికొనవలెను.