బాలికల అపరాధ పరిశోధక చిత్రం

పదిహేనేళ్లకు అటూఇటూగా ఉన్న బాలికలు జట్టుకట్టి, పెద్దల అండ లేకుండా ఒక చిక్కుముడిని విప్పే కథతో, ఇంటిల్లిపాదీ కలిసి చూసేలా తీసిన సినిమా ఈ కోవకు చెందుతుంది. తెలుగులో కుటుంబ కథాచిత్రమంటే ఆస్తి తగాదాలు, అత్తాకోడళ్ల పట్టింపులు అన్న అర్థం స్థిరపడిపోయినందువల్ల ఆ మాటను ఇక్కడ వాడడం ఇబ్బందే.

ఈ కథలు ముందుగా పుస్తకాల్లో పుట్టాయి. 1930లో కరోలిన్ కీన్ అన్న కలంపేరుతో అమెరికాలో మొదలైన నాన్సీ డ్రూ నవలల్లో మరుసటి ఏడాదికే బెస్, జార్జ్ అనే స్నేహితురాళ్లు నాయికకు తోడు కాగా, 1938లో వార్నర్ బ్రదర్స్ బొనీటా గ్రాన్‌విల్‌తో తీసిన తొలి చిత్రం ఆ ఇద్దరినీ వదిలేసి టెడ్ అనే కుర్రవాణ్ణి జతచేసింది. ఆడపిల్ల తెలివిని ఒప్పుకున్న స్టూడియో, ఆడపిల్లల స్నేహాన్ని మాత్రం కథకు సరిపోయే సరుకుగా ఎంచలేదన్నమాట.

స్నేహాన్నే కథకు ఇరుసుగా చేసిన చిత్రాల్లో 2019 నాటి జర్మన్ సినిమా ‘డీ డ్రై !!!’ చెప్పుకోదగ్గది. పేరుకు ‘మూడు ఆశ్చర్యార్థకాలు’ అని అర్థం. రాబర్ట్ ఆర్థర్ 1964లో అమెరికాలో ప్రారంభించిన మగపిల్లల పరిశోధక నవలలు జర్మనీలో ‘మూడు ప్రశ్నార్థకాలు’గా పేరుపడగా, వాటికి జోడీగా 2006లో బాలికల నవలలు వెలువడ్డాయి. వివియానె ఆండెరెగ్గెన్ దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో కిమ్, ఫ్రాంజీ, మారీ వేసవి సెలవుల్లో ఒక పాత నాటకశాలలో ‘పీటర్ పాన్’ రిహార్సల్స్‌కు వెళ్లి, అక్కడి దయ్యం గుట్టు తేల్చబోయి, తమలో తాము తగవుపడతారు. దయ్యం ఒక సాకు మాత్రమే. ముగ్గురూ కలిసి ఉంటారా లేదా అన్నదే ప్రేక్షకుణ్ణి కూర్చోబెడుతుంది.

తెలుగు తెరపై డిటెక్టివ్ దాదాపు ఎప్పుడూ మగవాడే. జంధ్యాల ‘చంటబ్బాయ్’ (1986)లో చిరంజీవి, నెల్లూరు నేపథ్యంగా వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ (2019)లో నవీన్ పోలిశెట్టి ఆ పాత్రలు వేశారు. గుణ్ణం గంగరాజు ‘లిటిల్ సోల్జర్స్’ (1996)లో దుర్మార్గుల పన్నాగాన్ని ఎదుర్కొనేది అన్నాచెల్లెళ్లు. ఇద్దరమ్మాయిలు కలిసి నేరం కూపీ లాగే ‘శాకిని డాకిని’ (2022)కి మూలమైన కొరియన్ చిత్రంలో ఆ ఇద్దరూ మగవాళ్లు. పైగా తెలుగులో వాళ్లు పోలీసు శిక్షణలో ఉన్న యువతులే తప్ప బడిపిల్లలు కారు.

ఇలాంటి కథకు సెలవులు, తీరిక, సాయంత్రం వీధిలో తిరిగే స్వేచ్ఛ కావాలి. కర్నూలు జిల్లా పడమట ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఆ తీరికను సుగ్గి హరిస్తుంది. కన్నడంలో కోతల కాలమని అర్థమున్న ఈ మాటకు ఇక్కడ కూలికోసం వలసపోవడమన్న అర్థం స్థిరపడింది. కుటుంబాలు గుంటూరు వైపు మిరపకాయలు, పత్తి ఏరడానికి వెళ్లేటప్పుడు, చంటిబిడ్డను చూసుకోవడానికో, మరో కూలి రాబట్టడానికో ఆడపిల్లను బడి మాన్పించి వెంట తీసుకుపోతారు. పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు పెట్టినా వలస ఆగలేదు. హాజరుపట్టీలో ఒక పేరుకు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులు పడుతున్నప్పుడు, ఆ పిల్ల ఏ రాత్రి ఎవరి బండెక్కిందో పంతులమ్మ కంటే ముందు పక్కన కూర్చునే పిల్లకు తెలిసి ఉంటుంది.