కందెన నుండి చమురు పంపు వరకు

మోటారు కారు పెట్రోలుతో నడచునని అందరును ఎరుగుదురు; అది చమురుతో బ్రతుకునని కొందరే గుర్తింతురు. పెట్రోలు అయిపోయినచో బండి దారిలో ఆగును, అంతకు మించి నష్టము లేదు. ఇంజనులో చమురు ప్రవాహము ఆగినచో కొలది నిమిషములలోనే బేరింగులు కాలి, ఒక కుటుంబము ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము పనికిరాని ఇనుమగును. ఈ ప్రవాహమును నడపు చిన్న పంపు ఎట్లు వచ్చినదో, దానినెట్లు కాపాడుకొనవలెనో పాఠకులకు విన్నవింపదలచితిమి.

ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టుట మన రైతునకు తాతలనాటి అలవాటు. దానిపై చక్రము మెల్లగా తిరుగును గనుక ఒకసారి పెట్టిన కందెన చాలదూరము వచ్చును. ఆవిరి యంత్రము వచ్చిన పిదప ఈ పద్ధతి చాలలేదు. రైలింజనును నడుమనడుమ ఆపి, మనుష్యులు నూనెడబ్బాలతో దాని కీళ్ళన్నిటికిని నూనె పోయవలసి వచ్చెడిది. ఎలైజా మెక్కాయ్ అట్టి పనివాడే. ఆయన తల్లిదండ్రులు అమెరికాలో బానిసత్వము నుండి తప్పించుకొని కెనడా చేరినవారు. ఎడింబరోలో ఇంజనీరింగు నేర్చి వచ్చినను, నల్లజాతివాడగుటచే ఆయనకు రైలింజనుపై బొగ్గువేయు పని, నూనెపోయు పని మాత్రమే దొరకినవి. ఆ పనిలోని కష్టమునే ఆలోచించి, యంత్రము నడచుచుండగనే తనంతట నూనె అందించు సాధనమును కల్పించి, 1872లో పేటెంటు పొందెను.

అయితే ఇరుసునకును బేరింగునకును నడుమ నూనె చేయు పని యేమో అప్పటికి స్పష్టముగా తెలియదు. 1883 ప్రాంతమున ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు దీనిని పరీక్షించెను. ఇరుసు అడుగుభాగము నూనెలో మునిగియుండగా, పైనున్న బేరింగునకు ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగుచుండగా నూనె ఆ రంధ్రము గుండ పైకి ఉబికి వచ్చెను. కొయ్య బిరడాతో మూసినను నిలువక, బిరడా బయటకు నెట్టబడెను. పీడనమాపకమును అమర్చి చూడగా, చదరపు అంగుళమునకు 200 పౌనులకు మించిన పీడనము కనబడెను. బేరింగుపై మోపిన సగటు భారము అందులో సగమే! తిరుగు ఇరుసు తనవెంట నూనెను ఇరుకు సందులోనికి ఈడ్చుకొని పోయి, ఆ నూనెపొరపై తానే తేలుచున్నదని 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ గణితముతో నిరూపించెను.

ఇందలి సారాంశము గమనింపదగినది. లోహమును లోహము తాకకుండ భారము మోయునది పంపు కాదు. వేగముతో తిరుగు ఇరుసు ఏర్పరచుకొను నూనెపొర. ఆ పొర తెగకుండ నూనెను అందించుటయే పంపు చేయు పని.

విద్యుత్కేంద్రములలో వేగముగా తిరుగు ఆవిరి యంత్రముల కొరకు, బర్మింగుహాములోని బెల్లిస్ కర్మాగారమున పనిచేయు పెయిన్ అను నతడు 1890లో నూనెను పంపుతో ఒత్తి బేరింగులకు పంపు పద్ధతికి పేటెంటు పొందెను. మోటారు కార్లలో ఈ పద్ధతి వెంటనే అంతటను వ్యాపింపలేదు. 1908 నుండి 1927 వరకు కోటి యేబది లక్షలకు పైగా తయారైన ఫోర్డు మోడల్ టీ కారునకు చమురు పంపే లేదు. ఫ్లైవీలు చిమ్మిన నూనె ఒక గొట్టము గుండ ముందుకు పారి, అచట కదలు భాగములచే నలువైపుల చిందింపబడెడిది. వేగము తక్కువగా నున్నంత కాలము అది సరిపోయినది. 1927 చివర వచ్చిన మోడల్ ఏ కారులో ఫోర్డు సయితము పంపును చేర్చెను.

ఆ పంపు నిర్మాణము మిక్కిలి సులభము. గనులలోని నీరు తోడుటకై ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లరు 17వ శతాబ్ది ఆరంభముననే ఇట్టి దానిని యోచించెను. ఒక పెట్టెలో రెండు పళ్ళచక్రములు ఒకదానితో నొకటి పెనవేసికొని తిరుగును. నూనె వాని నడుమ నుండి పోవును అనుకొనుట సహజము, కాని అట్లు కాదు. పళ్ళసందులలో చిక్కిన నూనె పెట్టెగోడల వెంబడి చుట్టి ఆవలికి చేరును. నడుమ పళ్ళు కలిసికొనుటచే వెనుకకు రాజాలదు. పీడనము మితిమీరినచో స్ప్రింగు కవాటము తెరచుకొని, అధికమైన నూనెను వెనుకకు మరలించును.

ఇక సంరక్షణ. 1923లో స్వీట్‌లండ్, గ్రీన్‌హాల్ష్ అనువారు ప్యూరొలేటరు అను చమురు వడపోతను కల్పించిరి. కాని వడపోత సాధారణముగా పంపునకు తరువాత నుండును. పంపునకు ముందు ముతక జల్లెడ మాత్రమే యుండును. కావున మురికి నూనె మొదట అరగదీయునది పంపునే. తయారుచేసినవారు చెప్పిన గడువులో నూనెను, వడపోతను మార్చుట ఇందుకే. బండిని సమతలమున నిలిపి, ఇంజను ఆపిన కొలది నిమిషములకు కొలపుల్లతో నూనెమట్టము చూడవలెను. మట్టము పడిపోయినచో పంపు గాలినే పీల్చును. ఉదయము ఇంజను కదిలించిన వెంటనే హెచ్చు వేగమున తిప్పరాదు. చల్లని నూనె చిక్కగా నుండి, దూరపు బేరింగులకు ఆలస్యముగా చేరును.

నడచుచుండగా చమురు దీపము ఎర్రగా వెలిగినచో, ఇల్లు దగ్గరలోనే యున్నదని సాగిపోరాదు. వెంటనే ఇంజనును ఆపవలెను. అంతమాత్రమున పంపును నిందింపను రాదు. నూనె బేరింగుల సందులలో దూరునపుడు ఎదురగు అడ్డంకి వలననే పీడనము నిలుచును. బేరింగులు అరిగి సందులు పెరిగినచో, పంపు బాగున్నను పీడనము తగ్గును. కావున మొదట నూనెమట్టమును, పిదప దీపపు స్విచ్చిని, జల్లెడను, కవాటమును పరీక్షించి, ఆ తరువాతనే పంపును విప్పించుట వివేకము. కొత్త పంపును బిగించునపుడు దానిని నూనెతో నింపుట మరువరాదు. పొడి పంపు నూనెను పీల్చుకొనజాలక పోవచ్చును.

కారు నడపువారికి ఈ పంపు ఎన్నడును కంటబడదు. కొలపుల్ల చూచుటకు పట్టునది ఒక నిమిషము. దీపమును లెక్కచేయనందున పోవునది ఇంజను.