స్టెరాయిడ్ క్రీమ్: ఎంత రాయాలి? ఎన్నాళ్లు రాయాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో ఉక్కపోత ఎక్కువ. చెమటకు దురద, తామర రావడం మామూలే. చాలామంది నేరుగా మెడికల్ షాపుకెళ్లి ‘దురద తగ్గే ట్యూబు’ అడుగుతారు. చేతికొచ్చే ట్యూబులో చాలాసార్లు ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది. అసలు సమస్య ఆ తర్వాతే మొదలవుతుంది.

స్టెరాయిడ్ ఏం చేస్తుంది?

చర్మంలోని వాపు, ఎరుపు, దురదను తగ్గిస్తుంది. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి వాటికి డాక్టర్ పర్యవేక్షణలో వాడితే ఇది మంచి మందే. కానీ తామర ఫంగస్ వల్ల వస్తుంది. స్టెరాయిడ్ ఫంగస్‌ను చంపదు. పైకి మచ్చ తగ్గినట్లు కనిపిస్తుంది, లోపల ఫంగస్ పాకుతుంది. చివరికి తామర రూపమే మారిపోయి, గుర్తుపట్టడం డాక్టర్‌కూ కష్టమవుతుంది. స్టెరాయిడ్, యాంటీ ఫంగల్, యాంటీబయాటిక్ కలిపిన క్రీములతోనూ ఇదే ముప్పు.

ఏది ఎంత ఘాటు?

ట్యూబు మీది శాతం చూసి ఘాటును అంచనా వేయకూడదు. 1 శాతం హైడ్రోకార్టిసోన్ తేలికపాటిది. 0.05 శాతం క్లోబెటాసోల్ దానికంటే ఎన్నో రెట్లు ఘాటైనది. బీటామెథాసోన్, మోమెటాసోన్ పేర్లున్నా అవి స్టెరాయిడ్లేనని గుర్తుంచుకోండి.

ఎంత రాయాలి?

చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు అది సరిపోతుంది. అంత మచ్చకు రోజుకు రెండుసార్లు రాసినా రెండు వారాలకు 14 గ్రాములే. అంటే 30 గ్రాముల ట్యూబులో సగం కూడా అవసరం లేదు. ట్యూబు త్వరగా అయిపోతోందంటే ఎక్కువ రాస్తున్నట్లే.

ఎన్నాళ్లు?

క్లోబెటాసోల్ లాంటివి సాధారణంగా వరుసగా రెండు వారాలు దాటకూడదు, వారానికి 50 గ్రాములు మించకూడదు. డాక్టర్ రాసిన గడువు దాటాక అదే చీటీతో మళ్లీ కొనకండి.

ఎక్కడ రాయకూడదు?

* ముఖం, కనురెప్పలు, చంకలు, గజ్జల్లో డాక్టర్ చెప్పకుండా ఘాటైనవి రాయొద్దు. అక్కడ చర్మం పల్చగా ఉండి మందును ఎక్కువగా పీల్చుకుంటుంది.
* మొటిమలకు, రంగు తేలడానికి వాడొద్దు.
* పుండు మీద, చీము పట్టిన చోట రాయొద్దు. డాక్టర్ చెబితే తప్ప పైన ప్లాస్టిక్‌తో చుట్టొద్దు, బిగుతుగా కట్టు కట్టొద్దు.
* చిన్నపిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు డాక్టర్‌ను అడిగే వాడాలి.
* రాశాక చేతులు కడుక్కోండి. మాయిశ్చరైజర్ వాడేవారు రెంటికీ మధ్య అరగంట వ్యవధి ఇవ్వండి.

నెలల తరబడి వాడితే?

చర్మం పల్చబడి రక్తనాళాలు బయటకు కనిపిస్తాయి. తెల్ల చారలు, ముఖంపై మొటిమలు, వెంట్రుకలు రావచ్చు. ఎక్కువ చోట ఎక్కువ కాలం రాస్తే మందు రక్తంలోకి చేరి శరీరం సహజంగా తయారుచేసుకునే హార్మోన్‌ను దెబ్బతీస్తుంది. ఆపగానే ముఖం ఎర్రబడి మండితే చాలామంది మళ్లీ అదే క్రీమ్ రాస్తారు. ఇలా అలవాటైపోతుంది. నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్‌ను కలవాలి.

చట్టం ఏం చెబుతోంది?

2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ చర్మ మందులను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా వీటిని అమ్మకూడదు. ట్యూబుపై ‘ఆర్ఎక్స్’ గుర్తు, చీటీపైనే అమ్మాలన్న హెచ్చరిక చూడండి. చీటీ లేకుండా అమ్ముతుంటే ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?

ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకోండి. తెనాలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. సమస్య ముదిరితే గుంటూరు జీజీహెచ్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. రేపల్లె వారికి తెనాలి మీదుగా రైలు సౌకర్యం ఉంది. ఈ-సంజీవనిలో ఉచితంగా ఆన్‌లైన్ సలహా తీసుకోవచ్చు. మందు వికటిస్తే జాతీయ ఉచిత నంబరు 1800-180-3024కు తెలియజేయండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ వెంట తీసుకెళ్లండి. చికిత్స ఏమిటో తేల్చడానికి అవే ముఖ్యం.