చక్రవిన్యాసములు - కానరాని గాయములు

సైకిలు మనలో పెక్కుమందికి ప్రయాణసాధనము. 1970 ప్రాంతమున అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా బాలురు దానిని క్రీడాసాధనముగా మార్చిరి. మోటారు సైకిలు పందెములను చూచి, వారు తమ చిన్న సైకిళ్లతో మట్టిదారులలో పందెములు వేసికొనిరి. ఆ క్రీడకే బి.ఎం.ఎక్స్. అని పేరు వచ్చెను. ఆ దశాబ్దము ముగియులోపల బాబ్ హారో మొదలగువారు పందెమును విడిచి, సైకిలుపై విన్యాసములు చేయసాగిరి. అదియే ఫ్రీస్టైల్. 20 అంగుళముల చక్రముల సైకిలుపై వంపు తిరిగిన రాంపు నెక్కి, గాలిలోనికెగిరి, మరల చక్రములపై దిగుట యీ విద్యలోని ప్రధానాంశము.

దీనినే జీవనవృత్తిగా గైకొన్నవారిలో డేవ్ మిర్రా చరిత్ర మనము శ్రద్ధతో పరిశీలింపదగినది. ఆయన 1974 ఏప్రిల్ 4న జన్మించి, న్యూయార్క్ రాష్ట్రమున చిట్టనాంగో అను చిన్న యూరిలో పెరిగెను. 1992లో వృత్తిక్రీడాకారుడయ్యెను. మరుసటి యేట, త్రాగి కారు నడుపుచున్న యొకడు ఢీకొనగా ఆయన పుఱ్ఱె చిట్లెను, భుజము దెబ్బతినెను. అయినను కోలుకొని మరల సైకిలెక్కెను.

1995లో ఆరంభమై, తరువాత ఎక్స్ గేమ్స్ అను పేర ప్రసిద్ధికెక్కిన పోటీలు టెలివిజన్ ద్వారా యీ క్రీడను ఇంటింటికి చేర్చినవి. కీర్తితోపాటు ధనమును వచ్చెను. ఆ పోటీలలో మిర్రా 24 పతకములు గెలిచెను, అందు 14 స్వర్ణములు. 2000లో శాన్ ఫ్రాన్సిస్కోలో సైకిలుతో సహా గాలిలో వెనుకకు రెండు పల్టీలు కొట్టి దిగెను. పోటీలో అట్టి విన్యాసము అదియే మొదటిది.

2016 ఫిబ్రవరి 4న, 41 యేండ్ల ప్రాయమున, ఆయన తన జీవితమును తానే ముగించుకొనెను. ఆ మే నెలలో, మెదడును పరీక్షించిన వైద్యులు అందు సి.టి.ఇ. అను వ్యాధి నున్నట్లు తేల్చిరని లోకమునకు తెలిసెను. తలకు పదేపదే దెబ్బలు తగులుటవలన కలుగు ఈ వ్యాధి అంతకుముందు ముష్టియోధులలోను, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాండ్రలోను కనబడినదే. ఇట్టి సాహసక్రీడలవారిలో మాత్రము మిర్రాయే మొదటివాడు. ఆయన కొంతకాలము ముష్టియుద్ధమును చేసెను, పుఱ్ఱె గాయము సరేసరి. కావున సైకిలు ఒక్కటియే కారణమని గాని, వ్యాధియే మరణహేతువని గాని మేము తీర్మానింపము.

కాని యొక సంగతి మరువరాదు. విరిగిన యెముక ఎక్స్‌రేలో కనబడును. మెదడు అదిరిన సంగతి అట్లు కనబడదు. శిరస్త్రాణము పుఱ్ఱెను కాచును గాని, లోపల మెదడు కదలుటను పూర్తిగా ఆపజాలదు. సి.టి.ఇ. మరణానంతరమే నిశ్చయముగా తేలును. పడినవాడు దులుపుకొని లేచుటయే శౌర్యమను ఆచారము ఈ యపాయమును మరింత కప్పిపుచ్చెను.

టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఫ్రీస్టైల్ తొలిసారి ప్రవేశించెను. 2021లో జరిగిన ఆ పోటీలో బ్రిటన్ యువతి షార్లెట్ వర్తింగ్టన్ మొదటి యత్నమున పడి, రెండవ యత్నమున స్వర్ణము గెలిచెను. అట్టి పట్టుదలను మనము మెచ్చుకొనవలసినదే. అయితే పడినవారు మరల సైకిలెక్కుటకు ముందు వైద్యుని మాట చెల్లవలెను, ప్రేక్షకుల చప్పట్లు ఆ తరువాతనే మ్రోగవలెను. మిర్రా పతకములను లెక్కించు చరిత్ర ఈ పాఠమును గూడ లెక్కింపవలెను.