మోగే రాయి, మోగని పెట్టె

మదురై మీనాక్షి గుడి ఉత్తర గోపురం దగ్గర ఒకే రాతిలో చెక్కిన సన్నని స్తంభాల గుత్తులున్నాయి. తట్టితే ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలుకుతుంది. తెలుగు నాయక రాజుల కాలపు ఆ శిల్పులకు రాయి మోగడమే కావాలి.

స్పీకర్ చేసేవాడి తంటా దీనికి తలకిందులు. పెట్టె తన గొంతు కలపకూడదు. 1970లలో బీబీసీ ఇంజనీర్లు ప్రసార వ్యాన్ల కోసం ఎల్‌ఎస్ 3/5ఎ అనే బుల్లి స్పీకర్ తయారుచేశారు. లోపలి జాగా సుమారు 5 లీటర్లే. దిట్టమైన చెక్కకు బదులు పల్చని బర్చ్ ప్లైవుడ్ గోడలు పెట్టి, లోపల కంపనాన్ని మింగే పట్టీలు అంటించారు. గోడ అదిరినా ఆ అదురు తొందరగా చల్లారిపోతుంది. మనిషి గొంతు సహజంగా వినిపించడమే వాళ్ల గీటురాయి. అందుకే ఇందులో మాట అచ్చం మాటలా ఉంటుంది. తవిల్ దెబ్బ మాత్రం తేలిపోతుంది. కచేరీ ప్రియులకు అది చిన్న లోటు కాదు!

కోయంబత్తూరులో లెక్క వేరు. అక్కడి తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు 5 వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని 1941లో ప్రకటించారు. నాణ్యత కంటే ముందు, పాట ఇంటింటికీ చేరాలి కదా. ఆనాటి వాల్వు రేడియోల కొయ్యపెట్టెలు సాధారణంగా వెనక తెరిచే ఉండేవి. పాటతోపాటు కొయ్యా కాస్త పాడేది. ఆ వెచ్చదనాన్నే చాలామంది ‘పాత రేడియో గొంతు’గా ఇష్టపడ్డారు.

అదే ఊళ్లో పక్షిరాజా స్టూడియో అధిపతి ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు 1954లో తమిళంలో ‘మలైక్కళ్ళన్’, తెలుగులో ‘అగ్గిరాముడు’ తీశారు. అలాంటి సినిమాలు ఆడే హాళ్లకు బుల్లి పెట్టె చాలదు. తక్కువ కరెంటుతో వెనక బెంచీదాకా అరిచే హార్న్ స్పీకర్లే దిక్కు.