ప్రయోగశాల మూలలో నిలబడ్డ మనిషి

జీవశాస్త్ర ప్రయోగశాలలో ఇనుప కడ్డీకి వేలాడే అస్థిపంజరాన్ని మీరు చూసే ఉంటారు. మొదట కాస్త భయం వేస్తుంది. నాలుగు రోజులు పోతే దాని చెయ్యి పట్టుకుని ఊపేంత చనువు వస్తుంది. అయితే ఆ ఎముకలు ఎవరివి అన్న సందేహం మీకెప్పుడైనా కలిగిందా? ఇప్పుడు చాలా బళ్ళలో ఉన్నది ప్లాస్టిక్ నమూనా. ఒకప్పుడు మాత్రం అక్కడ నిజంగా మనిషే ఉండేవాడు. అతను ఎక్కణ్ణుంచి వచ్చాడో చూద్దాం.

ఎముకలను లెక్కపెట్టాలన్న కోరిక చాలా పాతది. సుశ్రుత సంహితలో దీనికి ఒక పద్ధతే ఉంది. శవాన్ని గడ్డితో చుట్టి, బోనులో ఉంచి, మెల్లగా పారే నీటిలో ఏడు రాత్రులు నాననివ్వాలి. తర్వాత వట్టివేరు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెతో నెమ్మదిగా రుద్దుతూ, ఒక్కో పొరనూ కళ్ళారా చూడాలి. అలా చూసి చెప్పిన లెక్క 300. మన పాఠ్యపుస్తకంలో ఉన్నది 206 కదా! సుశ్రుతుడు పళ్ళనూ, మృదులాస్థులనూ కూడా ఎముకల్లోనే కలిపాడు. తేడాకు అదొక ముఖ్య కారణం.

ఐరోపాలో వందల ఏళ్ళపాటు గేలెన్ చెప్పిందే వేదం. ఆయన ఎక్కువగా కోతులనూ ఇతర జంతువులనూ కోసి చూసి, మనిషి కింది దవడలో రెండు ఎముకలు ఉంటాయని రాశాడు. వెసాలియస్ మనిషి శరీరాన్నే పరీక్షించి, ఉన్నది ఒకటేనని 1543లో అచ్చువేసిన తన గ్రంథంలో చూపించాడు. అతని మొదటి అస్థిపంజరం లూవెన్ పట్టణం బయట ఉరికొయ్యకు వేలాడుతున్న నేరస్థుడిది. ఒక్క సంగతి గమనించండి: ఆ మనిషిని ఎవరూ అనుమతి అడగలేదు.

మన దేశంలో ఆధునిక వైద్యవిద్య 1835లో కలకత్తా మెడికల్ కాలేజీతో ఊపందుకుంది. మరుసటి ఏడాది పండిత మధుసూదన గుప్త కులాచారాల అడ్డు లెక్కచేయక అక్కడ శవచ్ఛేదన చేశారు. వలసపాలన కాలంలోనే ఇంకో వ్యవహారమూ మొదలైంది. శుభ్రం చేసి, తీగలతో కూర్చిన అస్థిపంజరాలు కలకత్తా నుంచి ఓడలెక్కి విదేశీ కళాశాలలకు వెళ్ళేవి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆగలేదు. 1984 ఒక్క ఏడాదిలోనే సుమారు 60 వేల పుర్రెలూ అస్థిపంజరాలూ వెళ్ళాయని ఒక అమెరికా పత్రిక రాసింది. అవి ఎవరివి? ఎక్కువగా దహనానికి కట్టెలు కొనలేని పేదలవి, అడిగేవారు లేని అనాథలవి, కొన్ని సమాధులు తవ్వి దొంగిలించినవి. వాటిలో పిల్లల ఎముకలూ ఉన్నాయని తెలిసి కలకలం రేగింది. 1985లో ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. అయినా 2007లో పశ్చిమ బెంగాల్‌లోని బర్ధమాన్ జిల్లాలో పోలీసులు దొంగ ఎముకల నిల్వను పట్టుకున్నారు.

నిషేధం తర్వాత ప్లాస్టిక్ నమూనాలకు గిరాకీ పెరిగింది. అసలు ఎముకల నుంచి తీసిన అచ్చుల్లో వీటిని పోస్తారు. కిందపడినా తేలికగా పగలవు, ఏ కుటుంబానికీ కడుపుకోత ఉండదు. కానీ ఇవి ఎముక ఆకారాన్ని చూపగలవే గాని, గుణాన్ని చూపలేవు. అందుకు ఓ చిన్న ప్రయోగం చేయండి. కోడికాలి ఎముకను శుభ్రంగా కడిగి, వెనిగర్‌లో ఒక వారం ఉంచండి. మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చండి. ఎముక రబ్బరులా వంగుతుంది. వెనిగర్‌లోని ఆమ్లం కాల్షియం లవణాలను కరిగించేసింది, మిగిలింది కొల్లాజెన్ అనే ప్రోటీను. బిరుసు లవణాలది, సాగుడు కొల్లాజెన్‌ది. ఈ రెండింటి పొత్తే ఎముక బలం.

శరీరంలో అమర్చే కృత్రిమ ఎముకల కష్టమంతా ఇక్కడే ఉంది. 1890లో బెర్లిన్‌లో గ్లుక్ క్షయ సోకిన మోకాళ్ళలో ఏనుగు దంతంతో చేసిన కీళ్ళు పెట్టాడు. చీము పట్టి అవి నిలవలేదు. ఇంగ్లండులో చార్న్‌లీ తుంటి కీలుకు వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొద్ది ఏళ్ళకే అరిగిపోయాయి. 1962లో ఆయన పాలిథిలీన్‌కు మారాక గాని శస్త్రచికిత్స నిలదొక్కుకోలేదు. 1969లో అమెరికాలో హెంచ్ ఎముకతో అతుక్కుపోయే గాజును తయారుచేశాడు. మన తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ, ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీ ఎపటైట్‌తో ఎముక లోటు పూడ్చే పదార్థాలను రూపొందించింది.

ఈసారి ప్రయోగశాలకు వెళ్ళినప్పుడు మీ బడి అస్థిపంజరాన్ని దగ్గరగా చూడండి. అంచుల వెంట సన్నని అతుకు గీత కనిపిస్తే అది ప్లాస్టిక్. గీత లేకుండా, ఎముక కొసల్లో స్పంజి వంటి సన్నని రంధ్రాలు కనిపిస్తే మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి: ఇది ఎప్పుడు, ఎక్కడ కొన్నారని. జవాబు దొరకకపోవచ్చు. అయినా ఆ మనిషి చెయ్యి ఇక ఊపరు కదూ?